రోమ్‌లో ఏది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే ఖర్చు తేలిపోతుంది

రోమ్ వెళ్లొచ్చినవాళ్లను ఎంత ఖర్చయిందని అడిగితే ఒకరి జవాబుకూ ఇంకొకరి జవాబుకూ పొంతన ఉండదు. ఒకాయన డబ్బు మంచినీళ్లలా ఖర్చయిందంటాడు. ఇంకొకావిడ, చూసినవాటిలో సగానికి పైగా పైసా ఇవ్వకుండానే చూశామంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ ఊళ్లో రాత్రి పడుకోవడం ఖరీదు, పగలు తిరగడం చవక. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటారు. గది దగ్గర పెద్దగా ఆలోచించకుండా ముందు కనిపించింది బుక్ చేసేస్తారు, చూడాల్సినవాటి మీద మాత్రం అక్కర్లేని టూర్లూ పాసులూ కొంటారు.

చిక్కంతా ఎక్కడుందంటే, ఆ ఊళ్లో చూడదగ్గవన్నీ ఒకరి చేతిలో లేవు. కొలోసియం, పాత రోమ్ నగర కూడలి అయిన ఫోరం లాంటి పురాతన శిథిలాలు ఇటలీ ప్రభుత్వానివి. కూడళ్లు, ఫౌంటెన్లు, బస్సులు, మెట్రో నగరపాలక సంస్థవి. ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిలు వందల కొద్దీ ఉన్నాయి, వాటిని నడిపేది కాథలిక్ మతాధికారులు. టైబర్ నదికి అవతలి ఒడ్డున ఉన్న వాటికన్ 1929 నుంచి ఏకంగా వేరే దేశం. ఇక బస దాదాపుగా ప్రైవేటు వ్యాపారం. ఎవరి చేతిలో ఉన్నదానికి వారి ధర, వారి సెలవు రోజు, వారి రాయితీ. ఇది అర్థమైతే బడ్జెట్ వేసుకోవడం పెద్ద టెన్షన్ కాదు.

పాంథియన్ చుట్టూ అరగంట తిరిగితే ఈ సంగతి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 2వ శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన గుడి అది. 43 మీటర్ల వెడల్పున్న గోపురం, లోపల ఇనుప చువ్వ అన్నదే లేని కాంక్రీటు, నడినెత్తిన ఆకాశంలోకి తెరుచుకున్న గుండ్రటి కన్నం. వాన పడితే చినుకులు తిన్నగా లోపలి రాతి నేల మీదే పడతాయి. ఆ నేలలో కాస్త పరీక్షగా చూస్తే తప్ప కనిపించని చిన్న రంధ్రాలున్నాయి, నీళ్లన్నీ వాటిలోంచి కిందికి పోతాయి. 7వ శతాబ్దం మొదట్లో ఈ గుడిని చర్చిగా మార్చారు. కట్టడం ప్రభుత్వానిది, లోపల జరిగే ప్రార్థన చర్చిది. అందుకే 2023 జూలైలో 5 యూరోల టికెట్ పెట్టినప్పుడు, వచ్చే డబ్బులో 70 శాతం సాంస్కృతిక శాఖకు, 30 శాతం రోమ్ డయాసిస్‌కు, అంటే ఆ ఊరి చర్చిలను చూసుకునే మతపరిపాలన విభాగానికి, అని ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ప్రార్థనకు వచ్చేవారికి టికెట్ లేదు. 18 ఏళ్ల లోపు పిల్లలకూ లేదు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సాన్ లూయిజీ దేయి ఫ్రాంచేజీ చర్చి. లోపల ఎడమవైపు చివరి గదిలో సెయింట్ మాథ్యూ జీవితం మీద చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. ప్రపంచంలో ఏ మ్యూజియంలో పెట్టినా వాటి కోసమే జనం క్యూ కడతారు. ఇక్కడ ప్రవేశం ఉచితం. ఇంకో నాలుగు నిమిషాలు నడిస్తే పియాజ్జా నవోనా, దాని మధ్యలో శిల్పి బెర్నీని 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్. ఆ నాలుగింటిలో గంగ కూడా ఉంది. మనం తల్లిగా కొలిచే గంగను ఆయన పెద్ద తెడ్డు పట్టుకున్న గడ్డపు మనిషిగా చెక్కాడు. అది నగరం ఆస్తి, దానికీ టికెట్ లేదు. ఈ మూడింటికీ కలిపి మనిషికి అయ్యే ఖర్చు 5 యూరోలు. యూరోను సుమారు వంద రూపాయలుగా లెక్కేసుకుంటే ఐదు వందలు.

పడుకునే చోటు సంగతి

ముందు తేదీల గురించి చెప్పాలి. రోమ్‌లో గది ధరను హోటల్ నాణ్యత కన్నా క్యాలెండరే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈస్టర్ వారం, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ నెలలు అక్కడ పీక్ సీజన్. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి. దసరా సెలవులూ అంతే. సంక్రాంతి తర్వాత నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మాత్రం రోమ్ ఖాళీగా ఉంటుంది. ఆ రోజుల్లో 25 యూరోలకు దొరికే హాస్టల్ బెడ్ మే నెలలో దానికి రెట్టింపు పలకడం మామూలే. చలి ఉంటుంది గానీ మంచు పడడం చాలా అరుదు, ఒక మంచి జాకెట్ సరిపోతుంది. తేదీలు మన చేతిలో ఉంటే జనవరి చివరి వారాలను మించినవి లేవని నా అభిప్రాయం. ఆగస్టులో కూడా ధరలు కొంత దిగుతాయి. కానీ ఎండ మండిపోతుంది, ఆగస్టు 15 పండుగ చుట్టూ స్థానికులు దుకాణాలు మూసుకుని ఊళ్లకు వెళ్లిపోతారు.

రెండోది పన్ను. బుకింగ్ సైట్‌లో కనిపించే ధర చాలాసార్లు పూర్తి ధర కాదు. రోమ్ నగరం మనిషికి, రాత్రికి ఇంత అని పన్ను వసూలు చేస్తుంది. 2023 అక్టోబర్‌లో పెంచిన రేట్ల ప్రకారం హాస్టల్‌లో మూడున్నర యూరోలు, మూడు నక్షత్రాల హోటల్‌లో 6, ఐదు నక్షత్రాల హోటల్‌లో 10. పదేళ్ల లోపు పిల్లలకు లేదు. వరసగా పది రాత్రులు దాటి ఉంటే ఆ పైన లేదు. వినడానికి చిన్న మొత్తమే. పెద్దవాళ్లిద్దరు, పదేళ్లు దాటిన పిల్లలిద్దరు మూడు నక్షత్రాల హోటల్‌లో నాలుగు రాత్రులు ఉంటే 96 యూరోలు అదనంగా పడతాయి, అంటే దాదాపు పదివేల రూపాయలు. చాలాచోట్ల దాన్ని అక్కడికి వెళ్లాక విడిగా, నగదుగా అడుగుతారు. మోసం చేస్తున్నారని గొడవ పడనవసరం లేదు, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

మూడోది ఏ పేటలో ఉండాలన్నది. ఇందులోనే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మ్యాప్ తెరిచి పాత ఊరి మధ్యలో వేలు పెట్టి, అక్కడికి ఎంత దగ్గరైతే అంత మంచిదనుకుంటారు. కానీ పాత ఊరి నడిబొడ్డుకు మెట్రోయే లేదు. పాంథియన్, నవోనా ఉన్న నదివంపు అంతా కాలినడక, బస్సులే. నేల తవ్వితే చాలు ఏదో ఒక పురాతన కట్టడం బయటపడుతుంది, దాన్ని పరిశోధకులు చూసి తేల్చేదాకా పని ఆగిపోతుంది. అందుకే అంత పెద్ద రాజధానికి మెట్రో లైన్లు మూడే. మూడోదైన సి లైన్ ఏళ్ల తరబడి సాగి, 2025 డిసెంబర్‌లోనే కొలోసియం దాకా చేరింది. ఆ కొత్త స్టేషన్లలో తవ్వకాల్లో దొరికిన బావులు, స్నానశాల, సైనికుల బ్యారక్‌ల అవశేషాలను లోపలే ప్రదర్శనకు పెట్టారు. మెట్రో టికెట్ మీద చిన్న మ్యూజియం చూసినట్టే.

కాబట్టి వెతకాల్సింది పాత ఊరికి దగ్గరగా ఉన్న గది కోసం కాదు, మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న గది కోసం. ఎ లైన్ మీద సాన్ జొవాన్నీ, రె ది రోమా, ఫూరియో కమీల్లో; బి లైన్ మీద యూనివర్సిటీ విద్యార్థులు ఎక్కువగా ఉండే బొలోన్యా, అటు దక్షిణాన గర్బతెల్లా. ఇవి మామూలు జనం కాపురాలు ఉండే పేటలు. కూరగాయల అంగడి, బేకరీ, సూపర్‌మార్కెట్ అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు సాన్ జొవాన్నీ, రె ది రోమా చుట్టుపక్కల పేటలే నాకు అన్నిటికన్నా నచ్చుతాయి. పిల్లలతో వెళ్లినా తిరగడానికి ఇబ్బంది ఉండదు, రెస్టారెంట్లలో టూరిస్టు ధరలు ఉండవు.

ఊరి ప్రధాన రైల్వే స్టేషన్ తెర్మిని చుట్టూ ఉన్న చవక హోటళ్ల సంగతి వేరు. అర్ధరాత్రి దిగేవాళ్లకు, తెల్లవారుజామున రైలెక్కేవాళ్లకు అదే సౌకర్యం. హాస్టళ్లు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. జేబుదొంగల బెడద కూడా అక్కడే. రోమ్‌లో భయపడాల్సింది ఒంటి మీద దాడికి కాదు, సంచి జిప్పుకు. తెర్మిని నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబర్ బస్సు ఈ విషయంలో ఎప్పటినుంచో పేరు మోసింది. పాస్‌పోర్టు లోపలి జేబులో, బ్యాక్‌ప్యాక్ ముందువైపు పెట్టుకుంటే చాలు.

మెట్రో మామూలుగా రాత్రి పదకొండున్నరకు ఆగిపోతుంది, శుక్ర, శనివారాల్లో ఒంటిగంటన్నర దాకా నడుస్తుంది. బస్సుకైనా మెట్రోకైనా ఒక టికెట్ ఒకటిన్నర యూరో, 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ వ్యవధిలో బస్సులు ఎన్నయినా మారొచ్చు, మెట్రో మాత్రం ఒక్కసారే. బస్సెక్కగానే కాగితం టికెట్‌ను మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ కొనుక్కుని కూడా ముద్ర వేయించక 50 యూరోలకు పైగా జరిమానా కట్టేవాళ్లు ఉంటారు. బ్యాంకు కార్డును మెషీన్‌కు ఆనించి వెళ్లే సౌకర్యం ఉంది, అదే సులువు. పదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

విమానాశ్రయం నుంచి వచ్చే దారిని కూడా గదితో కలిపి ఆలోచించాలి. ఫ్యూమిచీనో నుంచి ఎక్కడా ఆగకుండా తెర్మినికి వచ్చే లియొనార్దో ఎక్స్‌ప్రెస్‌కు 14 యూరోలు. అదే ప్లాట్‌ఫారాల మీద నిలబడే మామూలు లోకల్ రైలుకు 8 యూరోలే. అది తెర్మినికి పోదు. త్రస్తెవెరె, ఓస్తియెన్సె, తిబుర్తీనా స్టేషన్లలో ఆగుతుంది. గది గర్బతెల్లా వైపో బొలోన్యా వైపో తీసుకున్నవాళ్లకు ఆ చవక రైలే దగ్గర దారి. నలుగురున్న కుటుంబానికి ఇంకో లెక్క ఉంది. నాలుగు ఎక్స్‌ప్రెస్ టికెట్లు కలిపితే 56 యూరోలు. పాత కోటగోడ లోపలికి టాక్సీకి నగరం ఖరారు చేసిన ధర, సామానుతో సహా, 55. లైసెన్సు ఉన్న తెల్ల టాక్సీ అయి ఉండాలి, గది కోటగోడ లోపల ఉండాలి.

సత్రాల ఊరు

చవక బస రోమ్‌కు కొత్తేమీ కాదు. 1300లో పోప్ బొనిఫేస్ 8 మొదటి జూబిలీ, అంటే కాథలిక్కుల పవిత్ర సంవత్సరం, ప్రకటించినప్పటి నుంచి ఆ ఊరికి యాత్రికుల తాకిడి తగ్గింది లేదు. ఇప్పుడు సాధారణ జూబిలీ 25 ఏళ్లకోసారి వస్తుంది. 2024 డిసెంబర్‌లో మొదలై 2026 జనవరి 6న ముగిసిన జూబిలీకి మూడు కోట్లకు పైగా యాత్రికులు వచ్చారు. ఇంతమంది ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్నకు ఆ ఊరు శతాబ్దాల క్రితమే జవాబులు వెతుక్కుంది. కాశీలో మన తెలుగువాళ్లకు ఆంధ్రాశ్రమం ఉన్నట్టే, రోమ్‌లో ఫ్రెంచివాళ్లకు, జర్మన్లకు, పోర్చుగీసువాళ్లకు ఎవరి చర్చి వారికి, దాని పక్కనే ఎవరి సత్రం వారికి ఉండేవి. కరవాజ్జో చిత్రాలున్న సాన్ లూయిజీ అలాంటి ఫ్రెంచి చర్చే. తమ దేశస్థులు వచ్చి చూస్తారు కదా అని ఆయా సంఘాలు, అక్కడి ధనవంతులు గొప్ప గొప్ప చిత్రకారులతో బొమ్మలు వేయించారు. ఈ రోజు మనం టికెట్ లేకుండా చూస్తున్నవాటిలో చాలా భాగం అలా పుట్టినవే.

డబ్బున్న యాత్రికులకు ప్రైవేటు సత్రాలు కూడా ఉండేవి. వాటిలో పెట్టుబడి పెట్టినవాళ్లలో వన్నొజ్జా కత్తానేయి ఒకరు. తర్వాత పోప్ అలెగ్జాండర్ 6 అయినాయనకు ఆమె అంతకుముందు సహచరి, ఆయన పిల్లలకు తల్లి. కాంపో దె ఫియోరి పక్కన ఆమె నడిపిన సత్రం గోడ మీద ఆమె వంశచిహ్నం చెక్కిన రాతిఫలకం ఇప్పటికీ ఉంది. ఒకసారి తలెత్తి చూడండి. పేదవాళ్ల కోసం ఫిలిప్ నేరి అనే గురువు 16వ శతాబ్దంలో ఒక సేవాసంఘం పెట్టాడు. 1575 జూబిలీకి నడిచి వచ్చిన యాత్రికులకు ఆ సంఘం సభ్యులు తిండి పెట్టి, పడక చూపి, కాళ్లు కడిగేవారు. నవోనా దగ్గరి సాంత్ అగస్తీనో చర్చిలో కరవాజ్జో చిత్రం ఒకటుంది. గుమ్మంలో నిలబడ్డ మరియమ్మ ముందు ఇద్దరు ముసలి యాత్రికులు మోకరిల్లి ఉంటారు. వాళ్లలో ముసలాయన మట్టి కొట్టుకుపోయిన అరికాళ్లు సరిగ్గా మన కళ్లకు ఎదురుగా వస్తాయి. అంత పవిత్రమైన బొమ్మలో ఆ మురికి కాళ్లేమిటని అప్పట్లో గోల చేసినవాళ్లున్నారు. చీకటిగా ఉంటే పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది. రోమ్‌లో చాలా చర్చిల్లో ఈ ఏర్పాటు ఉంది. ఒకరు నాణెం వేస్తే చుట్టూ ఉన్న పదిమందీ చూస్తారు, కాసేపటికి టక్కున ఆరిపోతుంది, ఇంకొకరు జేబు తడుముకుంటారు. బొమ్మకు చెల్లించే ధర అంతే.

ఆ సత్రాల సంప్రదాయం నేటికీ బతికే ఉంది. సన్యాసినీ సంఘాలు నడిపే అతిథిగృహాలు రోమ్‌లో చాలా ఉన్నాయి. కాథలిక్కులే కానవసరం లేదు, ఏ మతం వారైనా ఉండొచ్చు. గదిలో సన్నటి మంచాలు, తెల్ల దుప్పటి, గోడకు శిలువ, శుభ్రమైన బాత్‌రూమ్, టీవీ ఉండకపోవచ్చు. పొద్దున్నే బ్రెడ్డు, జామ్, కాఫీ. అదే ప్రాంతంలోని హోటల్ కన్నా తరచుగా తక్కువకే వస్తుంది, శుభ్రతలో మాత్రం మెరుగు. ఇబ్బంది ఒక్కటే. రాత్రి పదిన్నర, పదకొండు కల్లా తలుపులు మూసేస్తారు. రాత్రుళ్లు తిరగాలనుకునే కుర్రవాళ్లకు అది కుదరదు. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు మాత్రం ఇంతకన్నా నిశ్చింతైన చోటు ఉండదని ధైర్యంగా చెబుతాను. వీటిలో చాలావాటికి యాప్ బుకింగ్ ఉండదు, ఈమెయిల్ రాస్తే రెండు మూడు రోజులకు జవాబు వస్తుంది. ఆ సంఘాల్లో భారతీయ సిస్టర్లు పనిచేయడం కూడా అరుదేమీ కాదు.

మిగిలినవి ఒక పాత భవనంలో ఒక అంతస్తును గదులుగా చేసి అద్దెకిచ్చేవి, అపార్ట్‌మెంట్లు. ధర, వంటగది బాగుంటాయి. కానీ జాగ్రత్తలూ వీటికే ఎక్కువ కావాలి. 2025 నుంచి ఇటలీ అంతటా ప్రతి అద్దె వసతికీ జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి, అది ప్రకటనలోనూ కనిపించాలి. కోడ్ లేని ఇంటిని వదిలేయండి. అతిథుల పాస్‌పోర్టు వివరాలను యజమాని పోలీసు శాఖకు పంపాలి, కాబట్టి పాస్‌పోర్టు అడిగితే కంగారు పడొద్దు. తాళం పెట్టెలో పెట్టి, మనిషి రాకుండానే చెక్-ఇన్ చేయించే పద్ధతిని ఆపాలని 2024 నవంబర్‌లో హోం శాఖ ఆదేశించింది. దాని మీద కోర్టుల్లో వాదోపవాదాలు నడిచాయి. యజమాని ముఖం చూసి తాళం తీసుకునే ఇల్లే ఎంచుకుంటే ఏ గొడవా ఉండదు. లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు అన్నది కూడా ముందే అడగండి. పాత భవనాల్లో లిఫ్ట్ ఉన్నా ఇద్దరు మనుషులు, ఒక పెట్టె పట్టడమే కష్టం.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో ముడి ఉంది. ఇటలీతో సహా యూరప్‌లోని చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా దరఖాస్తులో బస ఎక్కడో చూపాలి. వీసా చేతికొచ్చేదాకా నమ్మకం లేదు, వచ్చేదాకా ఆగితే ధరలు పెరుగుతాయి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని ముందే బుక్ చేసి పెట్టుకోవడమే దీనికి మార్గం. నాలుగు యూరోలు తగ్గుతాయని డబ్బు వాపసు రాని గది తీసుకోవద్దు.

టికెట్ పెట్టి చూసేవి

ప్రభుత్వ మ్యూజియాల్లో పిల్లలు ఏ దేశం వారైనా 18 ఏళ్ల లోపు ఉచితం. ఇది చాలామంది తెలుగు కుటుంబాలకు తెలియక, పిల్లలకు కూడా పాసులు కొనేస్తారు. 18 నుంచి 25 ఏళ్ల మధ్యవారికి 2 యూరోల రాయితీ టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటున్న మన విద్యార్థులు అక్కడ ఉంటున్నాం కదా అని ఆ టికెట్ కొంటే గేటు దగ్గర చిక్కు. చూసేది పౌరసత్వం, నివాస పర్మిట్ కాదు.

కొలోసియం టికెట్ 18 యూరోలు. అందులోనే ఫోరం, పలటైన్ కొండ కూడా కలిసి ఉంటాయి. ధరలో ఇబ్బంది లేదు, దొరకడంలోనే ఉంది. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు టికెట్లు వదులుతారు, మంచి సమయాలు చూస్తుండగానే అయిపోతాయి. ఇది ఊరికే రద్దీ వల్ల జరిగింది కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములతో టికెట్లను మూటగట్టుకుని, గైడ్ ఖర్చు కలిపి ఎక్కువ ధరకు అమ్ముకున్నారని తేల్చి, ఇటలీ వినియోగదారుల రక్షణ సంస్థ 2025 ఏప్రిల్‌లో అంతకుముందు టికెట్లు అమ్మి, దీన్ని అడ్డుకోని సంస్థ మీద, కొన్ని టూర్ కంపెనీల మీద కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఇప్పుడు టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. మన తెలుగువాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మనం అలవాటు కొద్దీ ఇనిషియల్ కొట్టి పంపుతాం. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి.

టికెట్ దొరకనే లేదనుకోండి, రెండింతలు పెట్టి టూర్ కొనే ముందు ఒక్కసారి ఆలోచించండి. కాపిటోలిన్ కొండ మీద మేయర్ కార్యాలయం వెనక్కు వెళ్లి నిలబడితే ఫోరం మొత్తం కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది, దూరంగా కొలోసియం. సాయంత్రం పూట ఆ చోటు ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. అదంతా ఉచితమే.

ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. ఆ రోజు కొలోసియం జోలికి వెళ్లొద్దు, క్యూలోనే సగం రోజు పోతుంది. తెర్మిని పక్కనున్న పలాజ్జో మస్సిమోకు వెళ్లండి. దెబ్బలు తిని కూర్చున్న ముష్టియోధుడి కంచు విగ్రహం, ఒక గది నాలుగు గోడల నిండా గీసిన రెండువేల ఏళ్ల నాటి పూలతోట అక్కడే ఉన్నాయి. అంత గొప్పవి ఉన్నా జనం పల్చగా ఉంటారు.

వాటికన్ వేరే దేశం కాబట్టి ఈ రాయితీలేవీ అక్కడ చెల్లవు, నగరం అమ్మే టూరిస్టు పాసులు కూడా. మ్యూజియాల టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంకో 5. ఆదివారాలు మూసి ఉంటాయి. ఒక్క నెల చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, మధ్యాహ్నం పన్నెండున్నరలోపు లోపలికి వెళ్లాలి. సిస్టీన్ ఛాపెల్ ఈ మ్యూజియాల లోపలే ఉంది. సెయింట్ పీటర్స్ బసిలికా ఇంకో వైపు, ఇంకో ద్వారం. ఈ రెండూ ఒకటేననుకుని వేరే క్యూలో గంట నిలబడినవాళ్లు ఎందరో. బసిలికాకు టికెట్ లేదు, భద్రతా తనిఖీ మాత్రమే. పొద్దున ఏడింటికల్లా వెళితే క్యూ దాదాపు ఉండదు. మైకెలాంజిలో చెక్కిన పియెతా, అంటే చనిపోయిన క్రీస్తును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ విగ్రహం, కుడివైపు మొదటి గదిలోనే, అద్దం వెనక ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. మన సల్వార్ కమీజ్, చీర అయితే ఏ సందేహం ఉండదు. గోపురం పైకి 551 మెట్లు, దానికి విడిగా టికెట్. లిఫ్ట్‌లో సగం వెళ్లినా ఇంకా 320 మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు.

ఊళ్లోని చర్చిల్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర, నాలుగింటి దాకా మూసేస్తారు. కాబట్టి పొద్దున చర్చిలు, మధ్యాహ్నం శిథిలాలు, సాయంత్రం మళ్లీ చర్చిలు పెట్టుకుంటే సమయం వృథా కాదు. మైకెలాంజిలో చెక్కిన మోజెస్ విగ్రహం సాన్ పియెత్రో ఇన్ వింకోలీలో, చిన్న చిన్న రంగు ముక్కలు అతికి చేసిన 5వ శతాబ్దపు మొజాయిక్ బొమ్మలు సాంతా మరియా మజ్జోరెలో. 2025లో పోప్ ఫ్రాన్సిస్‌ను సమాధి చేసింది కూడా ఆ మజ్జోరెలోనే. రెండూ తెర్మిని నుంచి నడిచే దూరంలో ఉన్నాయి, రెండూ ఉచితం.

ఉచితంగా ఉన్నవి కూడా మెల్లగా మారుతున్నాయి. త్రేవి ఫౌంటెన్ నీళ్ల అంచు దాకా దిగడానికి 2026 ఫిబ్రవరి నుంచి 2 యూరోలు పెట్టారు. పైనుంచి చూడడానికి ఏమీ లేదు, రాత్రి పది దాటాక కిందికి దిగినా లేదు. నా మాట వింటే రాత్రే వెళ్లండి, దీపాల వెలుగులోనే అది చూడాలి. స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా.

నీళ్లు, తిండి

సీసా నీళ్లు కొనడం రోమ్‌లో శుద్ధ దండగ. వీధి వీధినా నిత్యం పారే ఇనుప కొళాయిలు సుమారు 2,500 ఉన్నాయి, తాగే నీళ్లే, చల్లగా ఉంటాయి. వంగిన గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీరు పైకి ఎగజిమ్ముతుంది, నోరు పట్టి తాగొచ్చు. ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకుంటే చాలు.

బార్‌లో (అక్కడ కాఫీ కొట్టునే అలా అంటారు) కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. చౌరస్తాలోని కుర్చీలో కూర్చుంటే రెండు మూడింతలు కూడా అవుతుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగడమే అక్కడివాళ్ల అలవాటు కూడా. మధ్యాహ్నానికి తూకం లెక్కన అమ్మే పిజ్జా మంచిది. కత్తిని పిజ్జా మీద అటూ ఇటూ జరిపి ఇంతా అని అడుగుతారు, చాలనగానే కోసి, తూచి ఇస్తారు. బంగాళదుంప, వంకాయ, గుమ్మడిపూలతో చేసినవి శాకాహారులకు బాగుంటాయి. నూనెలో వేయించిన అన్నం ఉండలు సుప్లీ మాత్రం చూసి మోసపోవద్దు, పాత పద్ధతిలో వాటిలో మాంసం సాస్ ఉంటుంది. వంటగది ఉన్న గది తీసుకున్నవాళ్లకు పియాజ్జా విత్తోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్ ఉంది. బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి, మసాలాలు దొరుకుతాయి. చుట్టుపక్కల వీధుల్లో బంగ్లాదేశీల కిరాణా కొట్లు కూడా ఉన్నాయి.

రోజంతా చేతిలో ఉంటే ఓస్తియా ఆంతీకా వెళ్లమని గట్టిగా చెబుతాను. పాత రోమ్ రేవుపట్నం అది. పిరమిదె మెట్రో పక్కనున్న స్టేషన్ నుంచి లోకల్ రైలు, అదే ఒకటిన్నర యూరో టికెట్ మీద అరగంట. లోపలికి విడిగా టికెట్, మొదటి ఆదివారం అదీ లేదు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయి అంత దూరం, అంత ఖర్చు లేకుండా ఒక పాత ఊరంతా నడిచి చూడొచ్చు. వేడి తిండి అమ్మిన కొట్టు, దాని రాతి కౌంటర్, వరస మరుగుదొడ్లు, అద్దెకిచ్చే బహుళ అంతస్తుల ఇళ్లు. ఆ ఇళ్లలో కింది వాటాలు ఖరీదు, పైకి వెళ్లేకొద్దీ చవక. లోపల తిండి దొరికే చోట్లు తక్కువ, కాబట్టి పిజ్జా కట్టించుకుని వెళ్లండి. సోమవారం మాత్రం మూసి ఉంటుంది.